తరిమెన పట్టిన రాకుమారుడు

లలితవర్మ కథ మీకు తెలుసనే అంటారు, పిల్లలూ. తెలియనివారెవరు? రాకుమారుడు ఏడు సముద్రాలు దాటాడు, కత్తి దూశాడు, చిలుక మెడ విరిచాడు, మాంత్రికుడు కంకాళుడు గిలగిల కొట్టుకుని చచ్చాడు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే అలా చెప్పేవారిని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. లలితవర్మకు కత్తి పట్టడం చేతకాదని మొదట వాళ్లే చెప్పారు కదా, మరి నడుమ ఎప్పుడు నేర్చుకున్నాడు? మాంత్రికుడు చచ్చిపోతే, వాడు కొయ్యసామాన్లుగా మార్చిన మనుషులకు మళ్లీ ప్రాణం పోసినదెవరు? చచ్చిన మాంత్రికుణ్ణి కళ్లారా చూసినవారు ఒక్కరైనా ఉన్నారా? ముందు దబాయిస్తారు, తర్వాత దగ్గుతారు, ఆ తర్వాత "చాల్లే, నోరు మూసుకుని విను" అంటారు.

కనుక ఉన్నది ఉన్నట్టు మొదటినుంచి చెప్పుకుందాం.

ఏ పటంలోనూ కనిపించని తుమ్మలవీడు అనే రాజ్యాన్ని ఒకప్పుడు ధరణీవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పుట్టినప్పుడు ఏనుగుల దళాన్ని రాసిచ్చి గజవర్మ అని పేరు పెట్టాడు. రెండోవాడు పుట్టినప్పుడు గుర్రాల దళాన్ని రాసిచ్చి హయవర్మ అని పేరు పెట్టాడు. మూడోవాడు పుట్టేనాటికి కాల్బలం ఒక్కటే మిగిలింది. పదాతివర్మ అని పిలవడానికి రాణిగారికి మనసొప్పలేదు. అందుచేత లలితవర్మ అన్నారు, దళం సంగతి మరిచిపోయారు.

ఒకనాడు రాజుగారి పట్టెమంచం కోడు విరిగింది. గజవర్మ ఏనుగులకు స్నానం చేయిస్తున్నాడు. హయవర్మ గుర్రాలకు నాడాలు కొట్టిస్తున్నాడు. విరిగిన కోడు చంకన పెట్టుకుని లలితవర్మ బయలుదేరాడు.

ఊరి చివర అప్పలోజు కార్ఖానా ఉంది. అందులో ఒక తరిమెన ఉంది. తరిమెన అంటే మరేం లేదు: రెండు మొలల నడుమ కర్రను అడ్డంగా బిగిస్తారు. దానికి తాడు రెండు చుట్లు చుట్టి, ఒకరు ఆ తాడు కొసలు పట్టుకుని అటూ ఇటూ లాగుతారు. కర్ర గిర్రున తిరుగుతుంది. రెండోవారు దాని మీద ఉలి ఆనిస్తారు. అప్పలోజు ఉలి పట్టాడు, ఆయన కూతురు నూకాలు తాడు లాగింది. మొద్దుగా ఉన్న అంకుడు కర్ర రాకుమారుడి కళ్లెదుట నున్నబడింది, నడుము కట్టింది, మెడ సాగింది, నెత్తిన మొగ్గ తొడిగింది. తర్వాత ఎర్రలక్క కడ్డీ ఆనించగానే, నిప్పు లేకుండానే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు చీర కట్టింది. మొగలి ఆకుతో రుద్దితే అందులో రాకుమారుడి ముఖం కనిపించింది. నోరు తెరుచుకుని ఉంది.

"బాబూ," అన్నాడు అప్పలోజు, "తమరు వచ్చి మూడు రోజులైంది. కోడు మొదటిరోజే తయారైంది. కోటనుంచి రెండుసార్లు మనిషి వచ్చాడు. మహారాజుగారు నేల మీద పడుకుంటున్నారట."

"నాకు ఇది నేర్పండి," అన్నాడు లలితవర్మ.

"నవ్వులాటగా ఉందా బాబూ?"

"నవ్వడం లేదు."

నిజమే, నవ్వడం లేదు. ఇరవై ఏళ్లలో అతడు ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి.

మొదటి ఏడు అప్పలోజు అతనిచేత కర్ర ఎండబెట్టించాడు. నీడలో పేర్చడం, తిరగేయడం, మళ్లీ పేర్చడం. "పచ్చికర్రను తరిమెనకు ఎక్కిస్తే ఏమవుతుంది?" అని రోజూ అడిగేవాడు. "ఈరోజు గుండ్రంగా ఉంటుంది, ఎండాక కోలగా గుంజుకుపోతుంది," అని రోజూ చెప్పాలి. రెండో ఏడు తాడు లాగించాడు. మూడో ఏడు ఉలి చేతికిచ్చాడు. చిక్కు అక్కడ వచ్చింది.

తాడు ఇటు లాగితే కర్ర ఉలికి ఎదురు వస్తుంది, అప్పుడు తెగుతుంది. అటు లాగితే కర్ర వెనక్కి పోతుంది, అప్పుడు ఉలి ఎత్తేయాలి. ఎత్తకపోతే ఉలి కొక్కెంలా పట్టుకుంటుంది. లలితవర్మ ఎత్తేవాడు కాదు. మొదటిరోజు ఉలి ఎగిరి పెంకులో దిగింది. రెండోరోజు పాల కుండలో పడింది. మూడోరోజు అప్పలోజు తలపాగాను గోడకు గుచ్చింది, అదృష్టవశాత్తు ఆయన తల అందులో లేదు.

"ఏం రాజుబాబూ," అంది నూకాలు తాడు వదిలి, "వెనక్కి తీయమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మా వంశంలో వెనక్కి తీయడం అనేది లేదు."

"మా ఇంట్లో పెంకులు కూడా లేకుండా పోతున్నాయి. వచ్చేటప్పుడు కొయ్యాలి, పోయేటప్పుడు ఎత్తాలి. అనండి."

"వచ్చేటప్పుడు కొయ్యాలి, పోయేటప్పుడు ఎత్తాలి."

"నోటితో కాదు, మణికట్టుతో అనండి."

మణికట్టు ఆ మాట నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. నేర్చుకున్నరోజు లలితవర్మ ఒక గిలక్కాయ చేశాడు. కొంచెం ఒంకరగా ఉంది. నూకాలు దాన్ని పారేయకుండా గూట్లో పెట్టుకుంది. అతడు చూశాడు, చూడనట్టు కూర్చున్నాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక గురువారం పట్టపగలు సుడిగాలి వచ్చి కార్ఖానాలో దిగింది. సుడిగాలి నడుమనుంచి బొంగురు గొంతు ఒకటి, "ఇక్కడ అందరికంటే పెద్ద పనివాడెవడు?" అంది. అప్పలోజుకు ఉన్న దోషం ఒక్కటే, గొప్ప చెప్పుకోవడం. "ఇంకెవరు, నేనే," అన్నాడు. మరుక్షణం సుడిగాలీ లేదు, అప్పలోజూ లేడు. ఏడు సముద్రాల అవతల ఉండే కంకాళుడు ఆయనను ఎత్తుకుపోయాడని ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

నెల తిరిగేసరికి రాజ్యం కుంటుపడింది. విరిగిన ఉయ్యాల కోళ్లు విరిగినట్టే ఉన్నాయి. కవ్వాలు అరిగి వెన్న రాలేదు. రాజుగారి మంచం రెండో కోడు కూడా పోయింది. నూకాలూ, సగం నేర్చిన శిష్యుడూ ఎంత పని చేయగలరు? ధరణీవర్మ ఏటవాలుగా పడుకునే చాటింపు వేయించాడు: అప్పలోజును తెచ్చినవాడికే సింహాసనం.

గజవర్మ ఏనుగులతో వెళ్లాడు. మొదటి సముద్రం ఒడ్డున ఏనుగులు నీళ్లు చూసి స్నానానికి దిగాయి, ఎంత బతిమాలినా బయటికి రాలేదు. హయవర్మ గుర్రాలతో ఓడ ఎక్కాడు. రెండో సముద్రంలో గుర్రాలకు వాంతులు పట్టుకున్నాయి, వాటిని చూసి హయవర్మకు కూడా. ఇద్దరూ తిరిగి వచ్చారు.

లలితవర్మ ఉలులు మూట కట్టుకున్నాడు. నూకాలు ఒక్క మాటే అంది: "నాన్నను నాన్నగానే తీసుకురండి రాజుబాబూ. వాడు పట్టుకున్నవాళ్లను కొయ్య చేస్తాడట. వాడు ప్రాణాలతో ఉండగా మంత్రం వెనక్కి తీస్తేనే మళ్లీ మనుషులవుతారట. వాడు చచ్చాడో, నాన్న ఇక ఎప్పటికీ కొయ్యే."

"అంటే వాణ్ణి చంపకూడదన్నమాట."

"మీకు చంపడం వచ్చా?"

"రాదు."

"మరి ఇబ్బందేముంది?"

దారిలో ఒక వడ్రంగిపిట్ట చేవమానులో ముక్కు ఇరుక్కుని వేలాడుతోంది. లలితవర్మ ఉలితో నాలుగు పెచ్చులు లేపి విడిపించాడు. "ఈ మాను మెత్తనిదని చెప్పింది మా బావ," అంది పిట్ట, "వాడి సంగతి తర్వాత చూస్తాను," అని అతని భుజం మీద కూర్చుంది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఉంది. దాన్ని తిరగేశాడు. తాబేలు కృతజ్ఞతతో ఎక్కమని వీపు చూపించింది, ఎన్ని సముద్రాలో అడగకుండా. అదే అది చేసిన పొరపాటు.

మొదటి సముద్రం దాటాక, "అయిపోయిందా?" అంది తాబేలు. "ఇంకా ఉంది," అన్నాడు లలితవర్మ. రెండోది దాటాక, "అయిపోయిందా?" అంది. "ఇంకా ఉంది." మూడోది, నాలుగోది, అయిదోది, ఆరోది. ఏడోది దాటాక తాబేలు అడగడం మానేసింది. "అయిపోయింది," అన్నాడు లలితవర్మ. "నన్ను మళ్లీ వెల్లకిలా పెట్టు, కాసేపు పడుకుంటాను," అంది తాబేలు.

కంకాళుడి కోట నిండా కొయ్యసామాను: రోకళ్లు, బొంగరాలు, అప్పడాల కర్రలు. అన్నీ ఒకప్పుడు పనివాళ్లే. నడుమ కంకాళుడు కూర్చుని భోజనం చేస్తున్నాడు. పుట్టెడు బియ్యం వార్చిన గుట్ట అతని ముందుంది. మనిషి మాత్రం ఎండుకట్టెలా ఉన్నాడు. గడ్డం ఒక్కటే పుష్టిగా ఉంది.

"ఎవడ్రా నువ్వు?"

"తరిమెన పనివాణ్ణి. అప్పలోజుగారి శిష్యుణ్ణి."

కంకాళుడు ఎడమచేత్తో ఒక కవ్వాన్ని చూపించాడు. కవ్వం తల అచ్చం అప్పలోజు తలలాగే ఉంది, చిన్నబుచ్చుకుని ఉంది. లలితవర్మ ఉలుల మూట కింద పెట్టాడు.

"ఆయన ఏం తప్పు చేశారు?"

"పని చూశాడు. ఇది చేసినవాడెవడో వాజమ్మ అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిన్నూ పరీక్షిస్తాను. మూడు పనులు. ఒక్కటి తప్పినా అప్పడాల కర్రవు. మొదటిది, నిలబడిందో తిరుగుతోందో తెలియని బొంగరం చెయ్యి."

"చేస్తాను. తాడు ఎవరు లాగుతారు?"

కోటలో మనిషన్నవాడు లేడు. అందరినీ కొయ్య చేసిన కంకాళుడు కాసేపు గడ్డం నిమురుకుని, చేయి కడుక్కుని, తానే వచ్చి తాడు పట్టాడు. ఒక్క లాగు లాగేసరికి తరిమెన మొత్తం లేచి గోడను ఢీకొంది.

"ఏమయ్యా!" అని కేకేశాడు లలితవర్మ, తానెవరితో మాట్లాడుతున్నాడో మరిచిపోయి. "ఇది పాలసముద్రం చిలకడం అనుకున్నావా? మెల్లగా. అటూ ఇటూ సమంగా. ఊపిరి పీల్చినట్టు."

మూడు వందల ఏళ్లలో కంకాళుణ్ణి కసిరినవాళ్లు లేరు. అతడు నోరు తెరిచాడు, మంత్రం గుర్తుకు రాలేదు, మూసుకున్నాడు. మెల్లగా లాగాడు. బొంగరం తయారైంది. గచ్చు మీద విసిరితే కదలిక లేకుండా నిద్రపోయింది. "ఆగిపోయిందిగా!" అని కంకాళుడు వేలు పెట్టాడు. అది ఎగిరి అతని ముక్కు మీద కొట్టింది.

"రెండోది," అన్నాడు ముక్కు పట్టుకుని, "ఒకే కర్రలోంచి దండం, దానికి మూడు కడియాలు చెయ్యి. కడియాలు ఆడాలి, ఊడకూడదు, ఎక్కడా అతుకు ఉండకూడదు."

అది అప్పలోజు కార్ఖానాలో చంటిపిల్లల గిలక్కాయకు చేసే పనే. లావుపాటి కర్రలో కడియాన్ని కడియంగా వదిలి, దాని కిందనుంచి ఒంపుటులితో రెండు వైపులా తొలుచుకుంటూ పోతే, కడియం తనంతట తాను విడివడి గలగలమంటుంది. మొదటి కడియం విడివడినప్పుడు కంకాళుడు తాడు వదిలి చప్పట్లు కొట్టాడు. రెండోది విడివడినప్పుడు, "మళ్లీ చెయ్యి, మళ్లీ చెయ్యి," అన్నాడు. మూడోదానికి కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు.

"ఇంత నేర్పు మంత్రంలో లేదయ్యా," అన్నాడు. అని, లోపలికి వెళ్లి, గుమ్మడికాయంత కొయ్యభరిణె ఒకటి రెండు చేతులా పట్టుకొచ్చాడు.

"మూడోది ఇది తెరవడం. ఇందులో భరిణె, అందులో భరిణె, అలా ఏడు. ఏడోదానిలో చిలుక ఉంది. ఆ చిలుకలో నా ప్రాణం ఉంది."

"రోజూ మూతలు తీసి దానికి మేత పెట్టాలి కదా?"

"పెట్టేవాణ్ణి. రెండేళ్లనుంచి ఏడు మూతలూ రావడం లేదు! గాలికని పెట్టిన సూదిబెజ్జంలోంచి రోజుకు పది కొర్రగింజలు దూరుస్తున్నాను. అది పది గింజలు తింటే నేను పుట్టెడు తిన్నా పది గింజలు తిన్నట్టే. గొడ్డలితో కొడదామంటే దెబ్బ చిలుకకు తగిలితే?"

వడ్రంగిపిట్ట భరిణె మీద వాలి ముక్కుతో కొట్టి చెవి పెట్టింది. "పచ్చికర్రతో చేశారు. ఏడూ కోలగా గుంజుకుపోయాయి," అని తేల్చింది.

"చేసినవాడు ఏడాది గడువు అడిగాడా?" అన్నాడు లలితవర్మ.

"అడిగాడు. మూడు రోజుల్లో కావాలన్నాను. కర్రను మంత్రంతో ఎండబెడతానన్నాను."

"మా గురువుగారు వాజమ్మ అన్నది చేసినవాణ్ణి కాదు, చేయించినవాణ్ణి అయి ఉంటుంది."

కంకాళుడు తల దించుకున్నాడు. బెజ్జంలోంచి చిలుక నీరసంగా, "ఆకలి," అంది. కంకాళుడి పొట్ట అదే మాట అంది.

"నాలుగు రోజులు బతుకుతుంది, అంతే," అని పిట్ట లలితవర్మ చెవిలో చెప్పింది.

నాలుగు రోజుల్లో చిలుక పోతే కంకాళుడు పోతాడు. కంకాళుడు పోతే అప్పలోజు ఎప్పటికీ కవ్వమే. కాబట్టి పిల్లలూ, చిలుక మెడ విరవడానికి కాదు, చిలుకను బతికించడానికి లలితవర్మ ఉలి నూరాడు.

దారి ఒకటే ఉంది. భరిణెను తరిమెన మీద బిగించి, పైపొరను వెంట్రుకవాసి మిగిలేదాకా చెక్కుకుంటూ పోవడం, దాన్ని గోటితో ఒలిచి లోపలి భరిణెను తీయడం. అలా ఏడుసార్లు. కోలగా పోయిన భరిణె తరిమెన మీద కుంటుతుంది, ఉలికి ఒకచోట తగిలి ఒకచోట తగలదు. ఒక్కసారి ఎత్తవలసినచోట ఎత్తకపోతే ఉలి నేరుగా చిలుకలో దిగుతుంది.

"లాగు," అన్నాడు.

భరిణె తిరిగింది. లోపల చిలుక తిరిగింది. తాడు లాగుతున్న కంకాళుడు కూడా నిలబడ్డచోటే గిర్రున ఒక చుట్టు తిరిగి, ఎదురు లాగుకు మళ్లీ వెనక్కి తిరిగాడు.

"తిన్నగా నిలబడవయ్యా!"

"నేనెక్కడ తిరుగుతున్నాను, నా ప్రాణం తిరుగుతోంది!"

"అయితే కళ్లు మూసుకుని లాగు."

వచ్చేటప్పుడు కొయ్యాలి, పోయేటప్పుడు ఎత్తాలి. మొదటి పొర ఊడింది. కంకాళుడు స్తంభాన్ని కౌగిలించుకుని కాసేపు సేదదీరాడు. రెండో పొర ఊడింది. వచ్చేటప్పుడు కొయ్యాలి, పోయేటప్పుడు ఎత్తాలి. మూడో రోజు మధ్యాహ్నానికి ఆరు పొరలు ఊడాయి. ఏడో భరిణె మామిడికాయంత ఉంది. దాని గోడ ఎంత మందమో చూడడానికి వీలు లేదు, వినాలి. లలితవర్మ ఊపిరి బిగించాడు. ఉలి కింద చప్పుడు గరగరనుంచి సరసరకు మారింది, సరసరనుంచి తమలపాకు నలిపినంత మెత్తగా మారింది. ఇంకొక్క కోత వేయవచ్చు అనిపించింది. వంశం యావత్తూ వెనకనుంచి, "వెయ్యి, వెయ్యి," అన్నట్టయింది.

ఉలి ఎత్తేశాడు.

ఆ క్షణంలోనే లోపలినుంచి ఎర్రని ముక్కు ఒకటి టక్కుమని పెచ్చును పొడుచుకుని బయటికి వచ్చింది, సరిగ్గా ఉలి మొన ఉండవలసినచోట. చిలుక బయటపడి, రెండడుగులు పక్కవాటుగా తూలి, "జామపండు," అంది. పండు తెచ్చి పెడితే తిన్నది. కంకాళుడు మూడు ద్వీపాలకు వినిపించేలా త్రేన్చాడు.

వడ్రంగిపిట్ట లలితవర్మ చెవిలో, "ఇప్పుడు చిలుక నీ చేతిలో ఉంది," అంది.

"ముందు మా గురువుగారు," అన్నాడు లలితవర్మ చిలుకను గుప్పిట పట్టుకుని.

కంకాళుడు మంత్రం వెనక్కి చదివాడు. రోకళ్లు లేచి ఒళ్లు విరుచుకున్నాయి, బొంగరాలు తల పట్టుకుని కూర్చున్నాయి. కవ్వం అప్పలోజు అయింది. అయిన వెంటనే శిష్యుణ్ణి పలకరించలేదు, నేల మీది పెచ్చు ఏరి వేలితో నిమిరాడు. "కోత ఇంత సమంగా ఉందే. తాడు లాగినదెవరు?"

"నేనేనండీ," అన్నాడు కంకాళుడు.

"మూడు రోజులూ? అలుపు లేకుండా?"

"అవునండీ."

అప్పలోజు లలితవర్మను పక్కకు పిలిచాడు. "బాబూ, దాని మెడ మీద వేళ్లు కాస్త సడలించండి. తాడు సమంగా లాగేవాడు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. నూకాలు ఇక ఉలి పట్టాలి, ఎన్నాళ్లని తాడు లాగుతుంది? వీడు అలిసిపోడు. మన దగ్గర ఉంటే చిలుకకు మూడు పూటలా పళ్లు పెడతాం. అలా బతకడం వాడికీ మంచిదే కదా?"

"మంత్రాలు?"

"అమ్మతోడు, వేయనండీ," అన్నాడు కంకాళుడు అడక్కుండానే. "నాకు ఆ కడియాల పని నేర్పిస్తారా?"

మిగతా పనివాళ్లు ఓడ కట్టుకుని తమ ఊళ్లకు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో తాబేలు ముగ్గురిని చూసి మాట్లాడలేదు. మొదటి సముద్రం చేరేదాకా మాట్లాడలేదు.

తుమ్మలవీడులో నూకాలు తండ్రి కాళ్లకు దండం పెట్టి, ముఖం తడిమి, ఎక్కడా కొయ్య మిగలలేదని నిర్ధారించుకుంది. తర్వాత లలితవర్మ మూటలోంచి ఏడో భరిణె పెచ్చు తీసి వెలుతురుకు పట్టి చూసింది. వెనక ఉన్న ఆమె వేళ్లు అందులోంచి కనిపించాయి.

"పర్వాలేదు," అంది.

ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు ఇంతవరకు ఎవరికీ దక్కలేదు. పెళ్లి మాఘంలో జరిగింది. ధరణీవర్మ మాట నిలబెట్టుకున్నాడు, సింహాసనం ఇచ్చి, నాలుగు కోళ్లూ ఉన్న మంచం పుచ్చుకున్నాడు.

లలితవర్మ మధ్యాహ్నం రాజ్యం ఏలేవాడు, ఉదయం కార్ఖానాలో నేర్పేవాడు. కార్ఖానాలో తరిమెనలు పన్నెండయ్యాయి. రాణి నూకాలు అందరి ఉలులూ చూసి, మొద్దుబారినవాటిని కిటికీలోంచి బయటికి విసిరేది, ఏరుకొచ్చి నూరుకోవాలి. గజవర్మ ఏనుగులు కర్ర మోసేవి. హయవర్మ లక్క రంగులలో దిట్ట అయ్యాడు, ముఖ్యంగా ఆకుపచ్చలో. సముద్రం మీద తన ముఖం ఆ రంగుకే తిరిగిందని అందరికీ చెప్పేవాడు. కంకాళుడు మొదటి రెండేళ్లు మంత్రంతో కర్ర ఎండబెట్టడానికి దొంగచాటుగా ప్రయత్నించి, పగిలిన కర్రలను గడ్డం కింద దాచేవాడు. మూడో ఏడు మానేశాడు. తొమ్మిదో ఏట తొలి కడియం అతని చేతిలో గలగలమంది. ఆనాడు కార్ఖానాకు సెలవిచ్చారు. తర్వాత కొత్తగా వచ్చినవారందరికీ తాడు లాగడం అతడే నేర్పాడు. "ఊపిరి పీల్చినట్టు, నాయనా, ఊపిరి పీల్చినట్టు," అనేవాడు.

మరి చిలుక మెడ సంగతి? కార్ఖానా గుమ్మం పక్కన నిలువెత్తు రాయి ఒకటి ఉంది. కథ చెప్పేవారెవరూ అది చదవలేదు. దాని మీద రాణి నూకాలు చెక్కించిన మాటలు ఇవి:

"లలితవర్మ మహారాజు పాలన ముప్ఫై ఒకటో ఏడు, ప్రమోదూత నామ సంవత్సరం, చైత్ర బహుళ తదియ, పగలు రెండు జాముల వేళ, చిలుక జామపండు తిని, రెక్కలు ముడుచుకుని, ముసలితనంవల్ల పోయింది. తాడు లాగుతున్న మా కంకాళుడు అదే గడియలో పోయాడు. ఆ లాగు పూర్తి చేసే పోయాడు."